ఆ తోలు హెల్మెట్ నిజంగా పైలట్‌దేనా?

గోధుమ రంగు తోలు టోపీ. చెవుల దగ్గర రెండు గుండ్రటి డిప్పలు. గడ్డం కింద పట్టీ, నుదుటి మీద పెద్ద కళ్లద్దాలు. కింద క్యాప్షన్: ‘రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ పైలట్ హెల్మెట్, వంద శాతం ఒరిజినల్, ఒక్కటే పీసు’. పాత వస్తువుల పేజీల్ని ఫాలో అయ్యేవాళ్లకి ఇలాంటి ఫొటోలు కొత్త కాదు. చూడగానే మనసు లాగేస్తుంది. ధర చూస్తే గుండె జారుతుంది. అయినా వేలు ‘కొను’ బటన్ దాకా వెళ్తుంది.

ఆగండి. ఆ క్యాప్షన్‌లో ‘రెండో ప్రపంచ యుద్ధం’, ‘ఫైటర్ పైలట్’, ‘ఒరిజినల్’ అని మూడు మాటలున్నాయి. మూడూ నిజం కావొచ్చు. రెండే నిజం కావొచ్చు. ఒక్కటి కూడా కాకపోవచ్చు. మోటార్ సైకిల్ టోపీ, ట్యాంకు నడిపేవాళ్ల టోపీ, సినిమా షూటింగ్ కోసం కుట్టించిన టోపీ, గత ఏడాది ఏదో ఫ్యాక్టరీలో తయారైన కాపీ... అన్నీ ఇదే పేరుతో అమ్ముడవుతున్నాయి.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో ఎవరింట్లోనో అటక మీద ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో తాత మిలిటరీలో ఉన్నప్పటి కాగితాలు, పతకాలు, అడుగున మాసిపోయిన ఖాకీ టోపీ ఒకటి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పతకాలు దాస్తారు. టోపీ మాత్రం పాత గుడ్డల మూటతో గుజిరీ అంగడికి వెళ్లిపోతుంది. నిజానికి అసలు సరుకు అదే అయి ఉండొచ్చు!

అసలు తోలే ఎందుకు?

ఇప్పటి పైలట్ హెల్మెట్ అంటే గట్టి డిప్ప, నల్లటి వైజర్. మరి అప్పట్లో మెత్తటి తోలు టోపీ దేనికి? దెబ్బ తగలకుండా కాదు. చలి నుంచి, గాలి నుంచి, మోత నుంచి కాపాడటానికి.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలకు పైకప్పు లేదు. పైలట్ తల బయటికే ఉండేది. ఒక్కో కిలోమీటరు పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది. లెక్క వేసుకోండి. మే నెలలో ధర్మవరంలో 42 డిగ్రీలు మండిపోతుంటే, సరిగ్గా దాని నెత్తిన 6 కిలోమీటర్ల ఎత్తులో 3 డిగ్రీలే ఉంటుంది. దానికి తోడు గంటకు 150 కిలోమీటర్లకు పైగా వేగంతో మొహానికి కొట్టే గాలి. ఇంజిన్ నుంచి చిమ్మే నూనె తుంపర. ఉన్ని టోపీ ఆ గాలిని ఆపలేదు. తోలు ఆపుతుంది. అందుకే బయట తోలు, లోపల బొచ్చు గానీ షామీ గానీ. షామీ అంటే కారు అద్దాలు తుడవడానికి వాడతారే, అలాంటి మెత్తటి పసుపు తోలు.

పైలట్ల మెడలో పట్టు స్కార్ఫ్ కూడా స్టయిల్ కోసం కాదు. శత్రువు ఎటు నుంచి వస్తాడోనని తల అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. కాలర్ రాసుకుని మెడ ఒరుసుకుపోకుండా పట్టు గుడ్డ చుట్టుకునేవాళ్లు. పారాచూట్లు కూడా మొదట్లో పట్టువే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ పట్టు దొరక్క మన మైసూరు, కశ్మీరు పట్టుకు గిరాకీ పెరిగింది. పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న హిందూపురం వాళ్లకీ, మగ్గాల ధర్మవరం వాళ్లకీ ఈ ముక్క చెబితే వెంటనే అర్థమవుతుంది. సన్నగా, తేలిగ్గా ఉంటూనే తెగకుండా సాగే దారం మరి!

తర్వాత టోపీకి ఇంకో పని వచ్చిపడింది. వినిపించడం. 1917లో ఇంగ్లండ్‌లోని గోస్‌పోర్ట్ శిక్షణ కేంద్రంలో రాబర్ట్ స్మిత్ బారీ అనే అధికారి ఒక చిట్కా వాడుకలోకి తెచ్చాడు. గురువు నోటి దగ్గర గరాటు, దాన్నుంచి రబ్బరు గొట్టం, దాని రెండో చివర శిష్యుడి హెల్మెట్ చెవుల దగ్గర. డాక్టరు స్టెతస్కోప్ లాంటిదే అనుకోండి. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. దీన్నే గోస్‌పోర్ట్ ట్యూబ్ అంటారు. ఆ తర్వాత రేడియో వచ్చింది. చెవుల దగ్గర గొట్టాల స్థానంలో ఇయర్‌ఫోన్లు కూర్చున్నాయి. పాత హెల్మెట్‌ని గుర్తుపట్టాలంటే ముందు చూడాల్సింది అందుకే చెవుల్ని!

ధర్మవరం నుంచి ఒకే రైలు దారి

‘ఇదంతా తెల్లదొరల కథ కదా, మనకేంటి సంబంధం’ అనిపించొచ్చు. ఉంది. బోలెడంత ఉంది.

ధర్మవరంలో బెంగళూరు రైలు ఎక్కితే పెనుకొండ, హిందూపురం దాటి, కర్ణాటకలో గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా యలహంక వస్తుంది. 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శన జరుగుతున్నది అక్కడి వైమానిక స్థావరంలోనే. ఇంకాస్త ముందుకెళ్తే హిందుస్థాన్ ఏరోనాటిక్స్. వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త మైసూరు సంస్థానంతో కలిసి 1940 డిసెంబరులో పెట్టిన కంపెనీ ఇది. 1941లో ఇక్కడ హార్లో అనే శిక్షణ విమానం బిగించారు. 1943 నుంచి యుద్ధం అయ్యేదాకా ఇది అమెరికా సైన్యపు విమానాల రిపేరు కేంద్రం. బర్మా వైపు ఎగిరే విమానాలు ఇక్కడికొచ్చి బాగుపడి వెళ్లేవి. వాటితోపాటే అమెరికన్ పైలట్లు, వాళ్ల హెల్మెట్లు, కళ్లద్దాలు, జాకెట్లు.

యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో లిబరేటర్ బాంబర్లను పాడుచేసి మరీ వదిలేసి వెళ్లారు. మనవాళ్లు వాటిల్లోంచి నలభైకి పైగా విమానాలను ఎగిరే స్థితికి తెచ్చి బెంగళూరుకు పట్టుకొచ్చారు. జంషెడ్ మున్షీ అనే పైలట్ వాటిని నడిపి తెచ్చిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. అవి 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి. చెత్త అని వదిలేసినదాంట్లో విలువ చూడటం మనకు కొత్త కాదు!

ఇక హైదరాబాద్. బేగంపేట విమానాశ్రయంలో యుద్ధ కాలంలో మొదటి ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది. కుర్రాళ్లు టైగర్ మాత్ అనే రెండు రెక్కల విమానాల మీద మొదటి పాఠాలు నేర్చుకుంది అక్కడే. వెనకా ముందూ రెండు సీట్లు, పైకప్పు లేదు, మధ్యలో గోస్‌పోర్ట్ ట్యూబ్. ‘ఒరేయ్, ముక్కు పైకెత్తు’ అని గురువు అరిస్తే ఆ గొట్టంలోంచే వినబడాలి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే దొనకొండ, తాడేపల్లిగూడెం లాంటి చోట్ల సైనిక విమానాల రన్‌వేలు వెలిశాయి. అంటే పైలట్ల సామాన్లు తెలుగు నేల మీద దొరకడం వింతేమీ కాదు.

నిజాం తలపాగా బ్యాడ్జి

హైదరాబాద్ పేరుతో బ్రిటన్ వైమానిక దళంలో ఏకంగా మూడు స్క్వాడ్రన్లు ఉండేవని మీకు తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్9ఎ బాంబర్లు సమకూరాయి. 1918 సెప్టెంబరులో అవి ఫ్రాన్స్ వెళ్లాయి. వాటిలో ఒకటి అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియం చేరి, తర్వాత పోలండ్‌కు వెళ్లి, చివరికి లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది. ఎఫ్1010 అనే ఆ విమానం ఇప్పటికీ అక్కడుంది.

రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్, 253వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు పెట్టుకున్నాయి. 1940 బ్రిటన్ గగనతల పోరులో 152 స్పిట్‌ఫైర్లతో, 253 హరికేన్లతో పోరాడాయి. 152వ స్క్వాడ్రన్ బ్యాడ్జి మీద ఏముందో చెప్పుకోండి చూద్దాం. నిజాం తలపాగా! ఆ స్క్వాడ్రనే 1943 చివర్లో ఇటువైపు వచ్చి బర్మా యుద్ధంలో దిగింది.

తలపాగా అంటే ఇంకో కథ. హర్దిత్ సింగ్ మాలిక్ అనే సిక్కు యువకుడు 1917లో బ్రిటిష్ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి, సాప్‌విత్ క్యామెల్ ఫైటర్ నడిపాడు. తలపాగా తీయనన్నాడు. దాంతో తలపాగా మీద పట్టేలా పెద్ద హెల్మెట్ ప్రత్యేకంగా కుట్టించుకున్నాడు. రెండో యుద్ధంలో మహీందర్ సింగ్ పుజ్జీ ఇంకో అడుగు ముందుకేసి, హెల్మెట్టే వద్దని తలపాగా మీదే ఇయర్‌ఫోన్లు తగిలించుకుని హరికేన్ నడిపాడు. ఈ ఇద్దరి కథలూ కలెక్టర్లకు ఓ పాఠం. పాత హెల్మెట్లన్నీ పుస్తకంలో బొమ్మల్లా ఉండవు. వాడినవాడు తనకు తగ్గట్టు మార్చుకున్నాడు. కుట్లు అదనంగా ఉన్నాయని ప్రతిదాన్నీ నకిలీ అనలేం.

ఏది ఏదో ఇలా పట్టేయొచ్చు

చేతిలో ఒక హెల్మెట్ ఉందనుకోండి. ఈ వరసలో చూడండి.

టైప్ బి: 1930ల్లో మొదలై బ్రిటన్ గగనతల పోరులో పైలట్లు పెట్టుకున్నది ఇదే. ముదురు గోధుమ తోలు, లోపల షామీ. చెవుల చుట్టూ ఉబ్బెత్తుగా మెత్తలు, వాటికి జిప్పులు. జిప్పు తీసి లోపల ఇయర్‌ఫోన్ పెట్టేవాళ్లు. కలెక్టర్లు ఎగబడేది దీనికే, కాపీలు ఎక్కువగా వచ్చేదీ దీనికే.

టైప్ సి: 1941 నుంచి వచ్చింది. జిప్పులు పోయి, చెవుల దగ్గర నల్లటి రబ్బరు డిప్పలు వచ్చాయి. సన్నటి తోలు, చూడ్డానికి కాస్త సాదాగా ఉంటుంది.

టైప్ డి, టైప్ ఇ: మన దేశానికి, బర్మాకు, ఎడారులకు తగ్గట్టు గుడ్డతో చేసినవి. డి రకానికి మెడ మీద ఎండ పడకుండా వెనక ఓ గుడ్డ రెక్క ఉంటుంది. ఇ రకం గాలాడే జాలీ నేత గుడ్డ, ఆ రెక్క ఉండదు. మన వైపు ఇళ్లలో నిజంగా దొరికే అవకాశం తోలువాటికన్నా వీటికే ఎక్కువ. ఎండలో తోలు టోపీ పెట్టుకుని రన్‌వే మీద కూర్చుంటే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? ట్రంకు పెట్టెలో మాసిన ఖాకీ టోపీ కనిపిస్తే అందుకే పారేయొద్దు.

అమెరికావి: ఎ-11 అంటే తోలుది. ఏఎన్-హెచ్-15 అంటే లేత ఖాకీ గుడ్డది. లోపల కుట్టిన లేబుల్ మీద రకం, సైజు, తయారీదారు పేరు వివరంగా ఉంటాయి. ఇయర్‌ఫోన్ల మీద ఏఎన్‌బీ-హెచ్-1 అని ఉంటే సరైన జోడీ.

జర్మనీవి: లేబుల్ మీద ఎల్‌కేపీ అని మొదలవుతుంది. తర్వాత డబ్ల్యూ ఉంటే చలికాలానిది, ఎస్ ఉంటే వేసవిది, ఎన్ ఉంటే నెత్తిన వల ఉన్నది. వీటికి గొంతుకు ఆనించే మైకులుంటాయి. ఇవి మన దగ్గర సహజంగా దొరకడం చాలా అరుదు. ‘మా ఊరి గుజిరీ అంగట్లో దొరికింది’ అని ఎవరైనా చూపిస్తే రెండుసార్లు ఆలోచించండి.

రష్యా, చైనావి: యుద్ధం తర్వాత కూడా చాలా ఏళ్లపాటు ఈ దేశాలు తోలు హెల్మెట్లు తయారుచేశాయి. ఆన్‌లైన్‌లో ‘రెండో ప్రపంచ యుద్ధం’ పేరుతో తిరిగేవాటిలో ఇవి చాలానే. నకిలీవి కావు, కానీ చెప్పిన కాలానివి కావు. నెత్తి మీద లావాటి మెత్తటి కమ్మీలు వరసగా ఉంటే అది పైలట్‌ది కాదు, ట్యాంకు సిబ్బందిది. లోపల తల కమ్మీకి కొట్టుకోకుండా ఆ ఏర్పాటు.

ఇక చెవుల దగ్గర ఇయర్‌ఫోన్‌కి గానీ గొట్టానికి గానీ చోటే లేకపోతే? అది పాత మోటార్ సైకిల్ టోపీ కావొచ్చు. దానికీ ఓ అందం ఉంది. కానీ పైలట్ ధర ఇవ్వక్కర్లేదు.

ముద్రలు మాట్లాడతాయి

బ్రిటిష్ వస్తువు లోపల కిరీటం, కింద ఏఎం అనే అక్షరాలు ఉంటే అది ఎయిర్ మినిస్ట్రీ ముద్ర. పక్కనే 22సి అని మొదలయ్యే నంబరు ఉంటే ఫ్లయింగ్ దుస్తుల స్టోరు నంబరు. ఇయర్‌ఫోన్ మీద 10ఎ అని ఉంటే రేడియో సామాన్ల నంబరు. టోపీ మీద 10ఎ, ఇయర్‌ఫోన్ మీద 22సి కనిపిస్తే ఎవరో తెలియక అచ్చేశారన్నమాట.

కిరీటం ఆకారం కూడా కాలం చెబుతుంది. రాజుగారి కాలంలో కిరీటం పైవంపులు గుండ్రంగా ఉంటాయి. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం నాటికి వచ్చిన కిరీటంలో మధ్యన నొక్కినట్టు ఉంటుంది. ‘1940 నాటిది’ అని అమ్ముతున్న హెల్మెట్ మీద రాణి కిరీటం ఉంటే ఇంకేం చెప్పాలి? మన వైమానిక దళం 1932 అక్టోబరు 8న పుట్టింది. 1945 నుంచి 1950 దాకా పేరు ముందు ‘రాయల్’ ఉండేది. గణతంత్రం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. ఈ నాలుగు తేదీలు గుర్తుంటే సగం మోసాలు అక్కడే దొరికిపోతాయి.

నకిలీ దొరికిపోయే చోట్లు

జిప్పు: బ్రిటిష్ టైప్ బి హెల్మెట్ల జిప్పుల మీద లైట్నింగ్, ఏరో, డాట్ లాంటి ఆనాటి బ్రిటిష్ పేర్లు ఉంటాయి. వైకేకే అని కనిపిస్తే కొత్తది, లేదా జిప్పు మార్చారు.

వెల్‌క్రో: బరబర లాగితే ఊడే ఈ పట్టీకి పేటెంట్ వచ్చింది 1950ల్లో. యుద్ధ కాలపు హెల్మెట్‌లో దానికి చోటు లేదు.

నీలి టార్చి: నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి చవగ్గా దొరుకుతుంది. చీకట్లో హెల్మెట్ కుట్ల మీద, లేబుల్ మీద వేయండి. తెల్లగా, నీలంగా మెరిసిపోతే ఆ దారం యుద్ధం తర్వాతది కావొచ్చు. మెరుపు రసాయనాలు విరివిగా వాడకంలోకి వచ్చింది ఆ తర్వాతే. ఒక చిన్న చిక్కు: పాత గుడ్డను ఇప్పటి డిటర్జెంట్‌తో ఉతికినా మెరుస్తుంది. కాబట్టి ఇదొక్కటే తీర్పు కాదు, ఒక సాక్షి మాత్రమే.

అరుగుదల: నిజంగా వాడిన టోపీ ఎక్కడ అరుగుతుంది? గడ్డం పట్టీ బకిల్ దగ్గర, కళ్లద్దాల ఎలాస్టిక్ రాసుకునే వెనక భాగంలో, చెమట పట్టే నుదుటి దగ్గర. లోపలి షామీ అక్కడే నల్లబడుతుంది. అన్ని వైపులా ఒకేలా గీకినట్టు, ఒకేలా మాపినట్టు ఉంటే అది కాలం చేసిన పని కాదు, గరుకు కాగితం చేసిన పని.

వాసన: పాత తోలుకు ఓ మెత్తటి బూజు వాసన ఉంటుంది. ఘాటుగా పాలిష్ వాసనో, టీ డికాక్షన్ వాసనో వస్తే అనుమానించండి.

నిమ్మలకుంట దగ్గర తోలు పాఠం

తోలు గురించి తెలుసుకోవడానికి లండన్ వెళ్లక్కర్లేదు. ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ బొమ్మకు వాడే మేక తోలును వెంట్రుకలు తీసి, గీకి, బిగదీసి ఆరబెడతారు. చెక్క రసంలోనో, రసాయనంలోనో నానబెట్టి పదును చేయరు. అందుకే అది అద్దంలా వెలుతురును పోనిస్తుంది. రంగు వేస్తే దీపం ముందు మెరుస్తుంది. కానీ తడి తగిలితే మెత్తబడి వంకర్లు పోతుంది.

హెల్మెట్ తోలు దీనికి సరిగ్గా ఉల్టా. వెలుతురు పోనివ్వక్కర్లేదు. చెమటకు, వానకు, నూనెకు తట్టుకోవాలి. తల ఆకారానికి వంగాలి. అందుకే దాన్ని పదును చేస్తారు. ఆ పదునులో మన వైపు చెట్టుకు పెద్ద పేరుంది. అదే తంగేడు. అనంతపురం, పెనుకొండ గుట్టల్లో ఎక్కడ చూసినా పసుపు పూలతో కనిపించే తంగేడు పట్టతో దక్షిణాదిలో తోళ్లు పదును చేసేవాళ్లు. మద్రాసు రేవు నుంచి ‘ఈస్ట్ ఇండియా’ తోళ్లుగా అవి బ్రిటన్ వెళ్లేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోళ్లకు వాటిని విరివిగా వాడారు.

చెట్ల పట్టతో పదును చేసిన తోలు అంచు లోపలి దాకా గోధుమ రంగులో ఉంటుంది. క్రోమియం లవణాలతో చేసినదాని అంచు మధ్యలో నీలి బూడిద ఛాయ కనిపించొచ్చు. క్రోమ్ పద్ధతి కూడా వందేళ్లకు పైబడినదే కాబట్టి ఇది వయసు చెప్పదు. కానీ ఎలా కాపాడాలో చెబుతుంది. పట్ట తోలు కాలుష్యపు గాలికి ఎర్రటి పొడిలా రాలిపోతుంది. చేతికి ఎర్ర దుమ్ము అంటుకుంటుంటే దాన్ని నిమరడం ఆపేయాలి.

పేరు తుడవొద్దు

ఇప్పుడు అసలు విషయం. హెల్మెట్‌లో అన్నిటికన్నా విలువైనది తోలు కాదు, జిప్పు కాదు, ముద్ర కాదు. లోపలి అంచున ఎవరో ఇంకుతో రాసుకున్న పేరు. లేదా ఒక సర్వీసు నంబరు. స్టోరులో పది టోపీలు ఒకేలా ఉంటే తనది పోకుండా ఆ కుర్రాడు రాసుకున్న నాలుగు అక్షరాలు.

అమ్మేవాళ్లు ముందు చేసే పని దాన్ని శుభ్రం చేయడం! మరక అనుకుని సబ్బు నీళ్లతో తోమేస్తారు. నల్లగా మెరవాలని పాలిష్ కొడతారు. చిరిగిన చోట కొత్త దారంతో కుడతారు. ఆ తర్వాత మిగిలేది ఒక అందమైన షోపీస్. ఆ టోపీ పెట్టుకున్న మనిషి మాత్రం ఇంకెప్పటికీ దొరకడు.

పేరు ఉంటే ఏం చేయొచ్చు? భారత్ రక్షక్ వెబ్‌సైట్‌లో మన వైమానిక దళ అధికారుల వివరాలు వెతకొచ్చు. యుద్ధంలో చనిపోయిన వాళ్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. రెండూ ఫోన్‌లోనే అయిపోతాయి. పేరు కలిస్తే అది వస్తువు కాదు, ఒక జీవితం. ఆయన కుటుంబానికి ఫొటో పంపగలిగితే ఎంత బాగుంటుంది!

ఇంట్లో దొరికితే ఇంకో పని వెంటనే చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగండి. ‘అవ్వా, ఇది ఎవరిది? తాత ఎక్కడ పనిచేశాడు? ఏ ఊరి నుంచి ఉత్తరాలు వచ్చేవి?’ అని ఫోన్‌లో రికార్డు చేయండి. పైలటే కానక్కర్లేదు. విమానాలు బాగుచేసిన మెకానిక్కూ, రేడియో చూసిన ఆపరేటరూ కూడా ఇంటికి ఓ టోపీ తెచ్చుకుని ఉండొచ్చు. ఆ పది నిమిషాల ఆడియో ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేని సాక్ష్యం.

ఇంట్లో దాచేదెలా?

ప్లాస్టిక్ కవర్‌లో కట్టొద్దు. లోపల చెమర్చి బూజు పడుతుంది. రేకు ట్రంకు పెట్టె మన ఎండలకు పొయ్యిలా కాగుతుంది, అందులోనూ వద్దు. ఎండ తగలని, గాలాడే బీరువాలో తెల్లటి నూలు గుడ్డ చుట్టి పెట్టండి. లోపల ఆమ్లం లేని తెల్ల కాగితం ఉండలు చేసి కుక్కితే తల ఆకారం నిలుస్తుంది. న్యూస్ పేపరు వద్దు, ఇంకు అంటుతుంది, ఆమ్లం తోలును తింటుంది.

కొబ్బరి నూనె, ఆముదం, షూ పాలిష్ ఏదీ రాయొద్దు. నూనె తోలును కాసేపు మెత్తగా చూపిస్తుంది. తర్వాత దుమ్మును పట్టుకుని జిగురెక్కుతుంది. మెత్తటి బ్రష్‌తో పైపైన దుమ్ము దులిపితే చాలు. రబ్బరు డిప్పలు గట్టిపడి ఉంటే వంచొద్దు, పలుగుతాయి. తల మీద పెట్టి సెల్ఫీ దిగాలని ఉంటుంది, తెలుసు. 80 ఏళ్ల కుట్లు ఆ ఒక్క సెల్ఫీకి తెగిపోతాయి. చేతిలో పట్టుకుని దిగండి.

ఇంకో జాగ్రత్త. హెల్మెట్‌తోపాటు పాత విమాన గడియారాలు, దిక్సూచులు దొరికితే వాటి అద్దం తెరవొద్దు. చీకట్లో మెరవడానికి అంకెల మీద రేడియం పూసేవాళ్లు. మెరుపు పోయినా రేడియం పోదు.

డబ్బు ఇచ్చే ముందు

‘ఒరిజినలా?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు. ‘ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గర కొన్నారు’ అని అడగండి. లోపలి భాగం, లేబుల్, జిప్పు లాగుడు, చెవి డిప్పల వెనక వైపు ఫొటోలు పగటి వెలుతురులో తీసి పంపమనండి. ‘ఇప్పుడే కొనకపోతే వేరేవాళ్లు తీసుకుంటారు’ అంటే తీసుకోనివ్వండి. రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం, ఇంపీరియల్ వార్ మ్యూజియం తమ వస్తువుల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టాయి. పక్కపక్కన పెట్టి పోల్చి చూడటానికి పైసా ఖర్చు లేదు.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి టోపీలకు ఇప్పుడు వందేళ్లు నిండిపోయాయి. విదేశీ కొనుగోలుదారు ఎక్కువ ధర ఇస్తానన్నాడని కొరియర్ చేసేయొద్దు.

కొనే ముందు కంటికి కాస్త అలవాటు చేయాలనుకుంటే బెంగళూరులోని హెచ్ఏఎల్ ఏరోస్పేస్ మ్యూజియానికి వెళ్లి రండి. 2001లో మొదలైన ఈ మ్యూజియంలో పాత విమానాలను దగ్గర నుంచి చూడొచ్చు. ఆ కాక్‌పిట్ ఎంత ఇరుకో చూస్తే, తల మీద టోపీ ఎందుకంత ఒంటికి అతుక్కున్నట్టు ఉండేదో అర్థమవుతుంది.

1940ల్లో జెట్లు వచ్చాయి. మన దళంలోకి వాంపైర్ జెట్లు 1948లో దిగాయి. ఆ వేగాలకు తల కాక్‌పిట్ కప్పుకు కొట్టుకుంటే తోలు ఆపలేదు. గట్టి డిప్ప తప్పనిసరైంది. మెత్తటి టోపీ మెల్లగా దాని కిందికి చేరి, తర్వాత పెట్టెల్లోకి చేరింది. ఆ పెట్టెల్లో కొన్ని ఇంకా మన ఊళ్లలోనే ఉండొచ్చు. ఈసారి పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పాత గుడ్డల మూట బయటపడితే, గుజిరీ బండికి ఇచ్చే ముందు ఒక్కసారి విప్పి లోపలి అంచు చూడండి. అక్కడ ఒక పేరు ఉండొచ్చు.